బోధనకొక పట్టము

బోధించు శక్తి పుట్టుకతో వచ్చునదియా, నేర్చినచో వచ్చునదియా యను ప్రశ్న చాల ప్రాతది. కాళిదాసు రచించిన మాళవికాగ్నిమిత్ర నాటకమున మొదటి యంకముననే ఈ ప్రశ్న రాజసభకెక్కినది. గణదాసు, హరదత్తుడు అను నాట్యాచార్యులిరువురు తమలో నెవరు గొప్పయని కలహించి రాజునొద్దకు వచ్చిరి. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక ఒక చక్కని విభాగము చేసినది. ఒకనికి విద్య తనయందు స్థిరముగా నిలిచియుండును. మఱియొకనికి దానిని పరునియందు నాటజేయు నేర్పు విశేషముగా నుండును. ఈ రెండును గలవానినే ఉపాధ్యాయులలో మొదటివానిగా నెన్నవలెనని ఆమె యభిప్రాయము. అందుచేతనే ఆచార్యులను గాక వారి శిష్యురాండ్రను పరీక్షింపవలసివచ్చినది.

ఇంత స్పష్టముగా విభజించి చూచిన మన పెద్దలు రెండవ నేర్పునకు వేరుగా పరీక్షగాని పట్టముగాని కల్పింపలేదు. వ్యాకరణము చదివినవాడు వ్యాకరణము చెప్పును, తర్కము చదివినవాడు తర్కము చెప్పును అనునదియే లోకాభిప్రాయము. బోధనకొక పట్టముండవలెనను తలంపు మన దేశమునకు పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చినది. అది యెట్లు వచ్చినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, వచ్చి మన కేమి యిచ్చినది, ఏమి యీయలేకపోయినది అను సంగతులను ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిని.

మొదట మన ప్రాత పద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. గురువునొద్ద శాస్త్రము చదువుకొను విద్యార్థికి పాఠము ఒక భాగము, చింతన మఱియొక భాగము. గురువు ఉదయమున పాఠము చెప్పును. పిమ్మట పెద్ద విద్యార్థి చిన్నవారిని కూర్చుండబెట్టి ఆ పాఠమునే చింతన చేయించును. చిన్నవాడు తడబడినచోట పెద్దవాడు విప్పి చెప్పవలెను. చెప్పలేకపోయినచో తనకే రాలేదని తెలిసిపోవును. ఈ విధముగా పదియేండ్లు గురుకులమున నున్నవాడు పదియేండ్లు చదివినవాడే కాక, అందు ఏడెనిమిదేండ్లు చెప్పినవాడు కూడ నగుచుండెను. వీథిబడులలో సైతము ఇదియే రీతి. అయ్యవారు అరుగుమీద కూర్చుండి పెద్దపిల్లలకు లెక్కలో పద్యములో చెప్పుచుండగా, ఇసుకలో ఓనమాలు దిద్దు చిన్నపిల్లల వ్రేలు పట్టుకొనువాడు రెండేండ్లు పెద్దవాడైన మఱియొక బాలుడు. పలక కొనవలసిన పనిలేదు, రెండవ అయ్యవారికి జీతమీయవలసిన పనిలేదు. దసరా పండుగకు పిల్లలు ఇంటింటికి పోయి తెచ్చిన కానుకయే అయ్యవారికి గొప్ప రాబడి.

పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత. ఈ చెట్టును మందుగా నుపయోగించినవాడొక స్కాట్లండు దేశీయుడు. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1787లో మదరాసునకు వచ్చి, 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర శాలకు పర్యవేక్షకుడయ్యెను. మదరాసు ప్రాంతపు వీథిబడియొకదానిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, అదియే రీతిని తన శాలయందు ప్రవేశపెట్టవలెనని యత్నించెను. అచ్చటి ఉపాధ్యాయులు ఇది తమ గౌరవమునకు తగదని విముఖులైరి. అప్పుడాయన జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి అక్షరముల తరగతిని వానికప్పగించెను. పెద్దలు సాధింపలేని పనిని ఆ బాలుడు సాధించెను. బెల్ స్వదేశమునకు పోయి 1797లో ఈ యనుభవమును లండనులో ఒక చిన్న గ్రంథముగా ప్రకటించెను. జోసెఫ్ లాంకాస్టరు అను మఱియొకడు 1798లో లండనునందే ఇట్టి పాఠశాలను స్థాపించెను. ఇంగ్లండునందు లక్షలకొలది బీదపిల్లలు చదువుకొనిన ఈ పద్ధతికి ‘మదరాసు పద్ధతి’ యని పేరు వచ్చినది.

ఆ పేరు మదరాసుదైనను, దాని పుట్టినింటిని గూర్చి సర్కారువారు విచారించినది 1822లో. మదరాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో ఆ సంవత్సరమున కలెక్టరులకందఱకు వ్రాసి, ప్రతి జిల్లాలో పాఠశాలలెన్ని, చదువువారెందఱు, ఏమి చదువుచున్నారు అని లెక్కలు తెప్పించెను. ఆ లెక్కలను సమీకరించి 1826 మార్చి 10వ తేదీన ఆయన వ్రాసిన విజ్ఞాపనములో రాజధాని మొత్తముమీద 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు, 1,28,50,941 మంది జనులు ఉన్నట్లు కలదు. అనగా సుమారు వేయిమందికొక పాఠశాల. సర్కారు ధనము లేకయే, అయ్యవార్ల కడుపు కట్టుబాటుచేత నడచుచుండిన పాఠశాలలివి.

ఆ కలెక్టరుల నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపినది తెలుగువారు ముఖ్యముగా చదువదగినది. ఈయన సామాన్యోద్యోగి కాదు. 1816లో తెలుగు వ్యాకరణమును, పిమ్మట తెలుగు నిఘంటువును ఇంగ్లీషున రచించిన పండితుడు. తన జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఆయన లెక్క చెప్పెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచు, చెప్పుటచేతనే తమ చదువును గట్టిపఱచుకొను ఈ పద్ధతి ప్రశంసనీయమనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట ఉచితమే యనియు వ్రాసెను. అయితే ఆయన లోపములను గూడ దాచలేదు. పిల్లలు వేలకొలది పద్యములను వల్లింతురు గాని వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికి తెలియుననెను. పద్యముల భాష వేఱు, పిల్లల నోటి భాష వేఱు. పెక్కుచోట్ల అయ్యవార్లకే యర్థము తెలియదని చెప్పెను. జనులు దరిద్రులగుటచేతను, పూర్వము పాలకులు చేయు సాయము నిలిచిపోవుటచేతను బడులు క్షీణించుచున్నవని కూడ నిర్భయముగా వ్రాసెను. ఒక సర్కారు ఉద్యోగి తన సర్కారునకే ఈ మాట వ్రాయుట గమనింపదగినది.

మన్రో ఈ నివేదికలను చదివి రోగమూలమును గుర్తించెను. అయ్యవార్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదు. తగిన యోగ్యత గలవారు ఈ వృత్తికి వచ్చుటకు అది చాలదు అని ఆయన అభిప్రాయము. కాబట్టి ప్రతి జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలు, ప్రతి తాసీల్దారీకి ఒక పాఠశాల పెట్టవలెననియు, జిల్లా ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ ఉపాధ్యాయునకు 9 రూపాయలు ఇచ్చుటతోబాటు ఉపాధ్యాయులను తయారుచేయుటకు మదరాసునందొక శాల నడుపవలెననియు నిర్ణయించెను. ఉపాధ్యాయుని జీతమును, ఉపాధ్యాయుని శిక్షణమును ఒకే విజ్ఞాపనములో చేర్చి చూచిన పాలకుడు మన దేశమున ఈయనయే మొదటివాడని నా తలంపు. కాని 1827 జూలై 6వ తేదీన మన కర్నూలు జిల్లాలోని పత్తికొండయొద్ద విషూచివ్యాధిచేత ఆయన మరణించెను. తాసీల్దారీ పాఠశాలలు దిక్కులేనివై క్షీణించినవి. 1835లో ఇంగ్లీషు విద్యకే ధనము వ్యయపఱచవలెనని బెంటింకు ప్రభువు ఉత్తరువు చేసిన పిమ్మట వానిని అడిగినవాడు లేడు. తొమ్మిది రూపాయల యుపాధ్యాయుడు మరల వీథిబడి యరుగుమీదికే పోయెను.

1854 జూలైలో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రము ఉపాధ్యాయ శిక్షణమును మరల తలపెట్టినది. ఇంగ్లండునందు అప్పటికి పరిస్థితి మారియుండెను. కే షటిల్వర్తు అను నాతడు 1840లో బాటర్సీయందు ఉపాధ్యాయ శిక్షణశాలను స్థాపించెను. పిల్లలచేత పిల్లలకు చెప్పించు మదరాసు పద్ధతి చౌకయే గాని లోతు లేనిదని వారు నిర్ణయించుకొనిరి. ఆ విధముగా, మననుండి పోయిన పద్ధతిని వదలుకొనిన పిమ్మట కలిగిన క్రొత్త పద్ధతి మనకు వచ్చినది. 1856లో మదరాసునందు ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడినది. నార్మల్ అనగా ప్రమాణము; ప్రమాణమైన బోధన యిట్టిదని చూపు శాల అని దాని యర్థము. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము పుట్టినది. 1882లో హంటరు సంఘమువారు విచారించునప్పటికి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చు కళాశాలలు దేశము మొత్తముమీద రెండే యుండెను, మదరాసునందొకటి, లాహోరునందొకటి. మదరాసు శాలయే పిమ్మట సైదాపేటకు మారి, ఉపాధ్యాయ కళాశాలయై ప్రసిద్ధి కెక్కినది. ఆ శతాబ్ది చివరి భాగమున విశ్వవిద్యాలయము ఎల్.టి. యను పట్టమును కల్పించినది. పట్టభద్రుడైనవాడు బోధనశాస్త్రము చదివి, పాఠములు చెప్పి చూపి, రెండింటియందును ఉత్తీర్ణుడైనచో ఆ పట్టము లభించును. రాజమహేంద్రవరమునందు కూడ శిక్షణ కళాశాల యేర్పడి తెలుగు జిల్లాలవారికి ఆ చదువు దగ్గఱయైనది. తరువాతి కాలమున ఎల్.టి. పోయి బి.టి. యనియు, బి.ఇడి. యనియు పేరులు మారినవి.

ఆ చదువులో నేమి యుండెనో కొంత చెప్పవలెను. మనశ్శాస్త్రము, విద్యాచరిత్ర, బోధనపద్ధతులు, పాఠశాల నిర్వహణము అనునవి గ్రంథభాగము. ఇతరులు చూచుచుండగా పాఠము చెప్పి, వారి విమర్శ వినుట అభ్యాసభాగము. పాఠమును నడపుటకు జర్మనీదేశపు హెర్బార్టు శిష్యులు ఏర్పఱచిన ఐదు మెట్లను చిరకాలము నేర్పిరి. సన్నాహము, ప్రదర్శనము, సంయోజనము, సామాన్యీకరణము, ప్రయోగము అని వానిని మన మాటలలో చెప్పవచ్చును. సంస్కృతము చదివినవానికి ఐదు మెట్లనగానే న్యాయశాస్త్రమునందలి పంచావయవములు స్ఫురింపక మానవు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అవి ఐదు. సంఖ్య యొకటియే గాని నడక వేఱు. నైయాయికుడు తాను సాధింపదలచిన ప్రతిజ్ఞతో ఆరంభించును. హెర్బార్టు మతమువాడు శిష్యుని మనసులో అప్పటికే యున్నదానితో ఆరంభించును. ఒకటి వాదమునకు పుట్టినది, రెండవది బాలునికొఱకు పుట్టినది. పండిత శిక్షణమునకును, ఉపాధ్యాయ శిక్షణమునకును గల భేదమంతయు ఈ మొదటి మెట్టుననే యున్నదని నేననుకొందును.

ఈ పట్టమునకు చదువుకొనినవారిలో ఒకరి కథ ప్రసిద్ధము. తెలుగు కుటుంబమున పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున ప్రవేశించిరి. 1910లో ఆయన సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణమునకు పోవలసివచ్చినది. అచ్చటి యాచార్యుడు ఈ విద్యార్థికి మనశ్శాస్త్రమునందుగల పాండిత్యము చూచి, తరగతికి వచ్చి వినుటకు మాఱుగా తోటి విద్యార్థులకు తామే ఆ విషయము బోధింపుడని కోరెను. ఆ యుపన్యాసములు 1912లో మనశ్శాస్త్రముపై ఒక చిన్న పుస్తకముగా వెలువడినవి. మన గురుకులములందలి చింతనయే సైదాపేటలో మఱియొక రూపమున జరిగినదని చెప్పవచ్చును. చెప్పగల శిష్యుని గుర్తించి చెప్పనిచ్చిన ఆ యాచార్యుడు కూడ కొనియాడదగినవాడే.

రెండవ కథ గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆయన 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధానముగా బి.ఏ. ఉత్తీర్ణులైరి. పదునాఱు సంవత్సరములు పగలు చెప్పుచు, మిగిలిన కాలమున చదివి గడించిన పట్టమది. ఆయన చదువు దానికే పరిమితము కాలేదు. చుట్టుపట్ల కొండలయందలి సవరలకు అక్షరములు నేర్పవలెనని తలచి, మొదట తామే సవరభాషకు విద్యార్థులైరి. తెలుగు తెలిసిన సవరనొకనిని ఇంటబెట్టుకొని ఆ భాష నేర్చిరి. పాఠపుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టించిరి. ఇంగ్లండు నుండి వచ్చిన యేట్సు అను పాఠశాలల పరీక్షాధికారి, తెలుగు జనులు మాటలాడు భాషకును పుస్తకముల భాషకును ఇంత దూరమేల యని ఆ కాలముననే ప్రశ్నింపగా, గిడుగువారు ఆ ప్రశ్నను పట్టుకొని జీవితాంతము విడువలేదు. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు ఆయన నెదిరించిరి. ఆ వాదము ఇంతింతనరానిది.

నేనీ ప్రసంగమును గ్రాంథికమున చేయుచు గిడుగువారిని కొనియాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఆయన వాదము నాకు ముఖ్యముగా బోధనవాదముగనే కనబడుచున్నది. బళ్ళారిలో కూర్చుండి కాంబెల్ 1823లో వ్రాసిన యాక్షేపమునే ఆయన ఎనిమిది దశాబ్దములకు పైగా గడచిన పిమ్మట మరల నెత్తిరి. పిల్లవాని నోట నున్నదానినుండి ఆరంభింపుమనియే ఆ యిరువురి మాటయు. పండితులు భాషను కాపాడుచుంటిమనిరి, అదియు నిజమే. వారు చూచినది గ్రంథమును, ఆయన చూచినది పిల్లవానిని. పాఠశాలయందు ఈ రెండును కావలెను గనుక ఆ కలహము నేటికిని పూర్తిగా తీరలేదు.

నైజాము రాష్ట్రమున ఈ ప్రశ్న మఱింత తీవ్రముగా నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాషగా నుండినందున, తెలుగు బాలుడు మొదట భాషను దాటి పిమ్మట విషయమును చేరవలసివచ్చినది. 1901లో హైదరాబాదునందు వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు ఆ లోటును కొంత తీర్చినవి. పిల్లవాని నోటి భాషనుండి ఆరంభింపవలెనను సూత్రమునకు విలువ యెంతయో, అది లేనిచోట బాగుగా తెలియును.

ఇక మా వంటి భాషాపండితుల సంగతి. విద్వాన్ యనియు, ఉభయభాషాప్రవీణ యనియు పట్టములు పొంది, పండిత శిక్షణము ముగించి పాఠశాలలలో చేరినవారు చిరకాలము ఒక ప్రక్కన నిలువబడిరి. ఇతర ఉపాధ్యాయులకంటె జీతము తక్కువ. ప్రధానోపాధ్యాయ పదవికి దారి చాలకాలము మూతపడియే యుండెను. పిల్లలు మమ్ములను ప్రేమించిరి, కాని కార్యాలయము మమ్ములను వేఱు పట్టికలో వ్రాసినది. దీనికి ఫలముగా మాలో ననేకులకు శిక్షణమనిన ఒకవిధమగు నిరసన కలిగినది. మాకు శాస్త్రము వచ్చును, వారికి పద్ధతి మాత్రమే వచ్చుననుకొనుట. వారు మాకు పద్ధతి రాదనుకొనుట. మాళవికాగ్నిమిత్రములోని యిరువురు నాట్యాచార్యుల కలహము ప్రతి ఉపాధ్యాయుల గదియందును జరుగుచుండెను.

నేను 2004వ సంవత్సరమున, నలువది నాలుగవ యేట, ఎం.ఇడి. ముగించితిని. నా తోటి విద్యార్థులలో ననేకులు నా పూర్వశిష్యుల వయసువారు. ఇరువది సంవత్సరములు పాఠము చెప్పినవానికి ఈ చదువువలన నేమి ప్రయోజనమని మిత్రులడుగుచుండిరి. నాకు కనబడిన ప్రయోజనములు చెప్పెదను. మొదటిది, చేతికి తెలిసిన పనులకు పేరులు దొరకినవి. పేరు దొరకినచో పనిని మఱియొకనికి చెప్పవచ్చును. రెండవది, పాఠము చెప్పు గదికి చరిత్ర కలదని తెలిసినది. కాంబెల్ నివేదిక నేను చదివినది అప్పుడే. మూడవది, పాఠము పిల్లవానికి అందనప్పుడు అది యే మెట్టున జారినదో వెదకు నలవాటు కలిగినది.

ఈ మూడవదానికొక యుదాహరణము. సంధులను బోధించుటయందు మాకు సంప్రదాయము సూత్రముతో నారంభము. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము పట్టుకొని, సూత్రము చెప్పి, వల్లె వేయించి, పిమ్మట నుదాహరణములు చూపుదుము. శాస్త్రము చదువదలచినవానికి ఇది సరియైన త్రోవ. సూత్రము కంఠమున నున్నచో శాస్త్రమంతయు చేతిలో నుండును. కాని ఏడవ తరగతి పిల్లవాడు శాస్త్రమునకు రాలేదు. వానిని, ఆటస్థలమున స్నేహితుని ఎట్లు పిలిచెదవు అని అడిగితిని. “ఎక్కడున్నావురా!” అనెను. ఆ మాటను విడదీయుమంటిని. ‘ఎక్కడ’, ‘ఉన్నావు’ అని విడదీసెను. నడుమ నున్న అకారము ఏమైనదని అడిగితిని. తరగతియంతయు వెదకనారంభించినది. పావుగంటలో వారే ఇరువది మాటలు తెచ్చి, పోయిన అచ్చును పట్టుకొనిరి. అప్పుడు సూరిగారి సూత్రమును నల్లబల్లమీద వ్రాయగా, అది తమ మాటనే చెప్పుచున్నదని వారికి తోచినది. సూత్రము మాఱలేదు, పండితుడు మాఱలేదు, మొదటి మెట్టు మాత్రము మాఱినది.

ఆ చదువు ఈయలేకపోయినవియు కలవు. మూడు గంటలలో వ్యాసములు వ్రాసి ఉత్తీర్ణుడగు పరీక్షయందు, పిల్లలయెదుట నిలువబడు గుణమును కొలుచు సాధనము స్వల్పము. ఇది నేను కనిపెట్టిన లోపము కాదు. బొంబాయి విశ్వవిద్యాలయము 1936లో మన దేశమున మొదటిసారిగా ఎం.ఇడి. పట్టమును పెట్టినది. పండ్రెండేండ్ల పిమ్మట, స్వతంత్ర భారతమున విశ్వవిద్యాలయముల విచారణకై 1948లో నియమితమైన సంఘమునకు, సైదాపేటలో శిక్షణము పొందిన ఆ రాధాకృష్ణన్‌గారే అధ్యక్షులు. శిక్షణ కళాశాలల అధ్యాపకులు పాఠశాలలలో పనిచేసిన యనుభవము గలవారై యుండవలెననియు, బోధనాభ్యాసమునకు హెచ్చు కాలము, హెచ్చు విలువ ఈయవలెననియు ఆ సంఘము 1949లో చెప్పినది. అన్నిటికంటె ముఖ్యముగా, కొన్ని సంవత్సరములు పాఠములు చెప్పిన పిమ్మటనే విద్యార్థి ఎం.ఇడి. చదువుట మంచిదని సలహా యిచ్చినది. ఈ మాటయందు గొప్ప వివేకము కలదు. వంట చేయనివానికి పాకశాస్త్రము ఉప్పులేని కూరవంటిది; చేతులు కాల్చుకొని వచ్చినవానికి ప్రతి వాక్యమును రుచించును.

ఈ సలహా పుస్తకమున నిలిచినది. దేశము మఱియొక త్రోవను పోయినది. 1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారీ సంఘము, ఉపాధ్యాయ శిక్షణము విశ్వవిద్యాలయమునకును పాఠశాలకును దూరమై ఒంటరిగా నున్నదని బాధపడినది. 1993లో పార్లమెంటు చట్టము చేసి ఉపాధ్యాయ విద్యకు జాతీయ మండలినేర్పఱచినది. కళాశాలలు లెక్కకు మించి వెలసినవి. సుప్రీంకోర్టువారు నియమించిన జస్టిస్ వర్మ సంఘము 2012లో విచారించి, ఏకాంతముగా నడుచు శిక్షణ సంస్థలు పదివేలకు పైగా నున్నవనియు, వానిలో ఎక్కువభాగము శిక్షణమును గూర్చి శ్రద్ధగా యత్నించుటయే లేదనియు, వెల తీసికొని పట్టములమ్ముచున్నవనియు చెప్పినట్లు 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఉదాహరించినది. హాజరు పట్టికలో పేరు, పరీక్షనాడు మాత్రము మనిషి. ఈ యాచారము మన తెలుగు జిల్లాలలో ఎఱుగనివారు లేరు. మన్రో కాలమున ఉపాధ్యాయునకు యోగ్యత కలిగించుటకు ధనము లేకపోయినది. మన కాలమున యోగ్యతాపత్రమే ధనమునకు దొరకుచున్నది.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పరాదు. ఒక సంవత్సరపు బి.ఇడి. 2015 నుండి రెండు సంవత్సరములైనది. పట్టమున్నను ఉపాధ్యాయ అర్హత పరీక్ష వేఱుగా వ్రాయవలసివచ్చినది. 2020 నాటి విద్యావిధానము నాలుగు సంవత్సరముల సమగ్ర శిక్షణమును 2030 నాటికి కనీసార్హతగా నిలుపవలెనని సంకల్పించినది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, చిన్నపిల్లలకు చెప్పుట వేఱు నేర్పు గనుక ప్రాథమిక తరగతులకు బి.ఇడి. తగిన అర్హత కాదని తీర్పు చెప్పినది. ఓనమాలు దిద్దించుట తమ గౌరవమునకు తక్కువయని ఎగ్మూరు ఉపాధ్యాయులు తలచిన రెండు శతాబ్దములకు, అది వేఱుగా నేర్వదగిన విద్యయని న్యాయస్థానము నిర్ణయించినది.

ఈ చరిత్రయంతయు చూచినచో నాకు తోచినది చెప్పెదను. సంవత్సరములు పెంచినంతమాత్రమున శిక్షణము పెరుగదు. శిక్షణమునకు ప్రాణము మూడింట నున్నది. చెప్పుచు నేర్చుట యొకటి. అది మన చింతనయందు నుండెను. పిల్లవానినుండి ఆరంభించుట రెండవది. అది కాంబెల్ సూచించినది, గిడుగువారు ఆచరించినది. బ్రతుకుటకు చాలిన జీతమిచ్చి యోగ్యుని పిలుచుట మూడవది. అది మన్రో తలచినది. ఈ మూడింటిలో ఏది లోపించినను మిగిలిన రెండును నిలువవు. ప్రైవేటు పాఠశాలలలో స్వల్ప జీతమునకు రెండు పట్టములు గల యువకులు పనిచేయుటను మనము చూచుచునే యున్నాము. వారియందు లోపము వెదకుటకు ముందు ఆ తొమ్మిది రూపాయలను తలచుకొనుట మంచిది.

యువోపాధ్యాయులకు నా విన్నపమొకటి. పట్టము వచ్చినదని చదువు ముగింపకుడు. పదియేండ్లు చెప్పితిమని మరల చదువుటకు సిగ్గుపడకుడు. గిడుగువారు పదునాఱేండ్లు చెప్పి పట్టము పొందిరి, సవరవానినొద్ద శిష్యులును ఐరి. మీ పాఠశాలలో పండితుడున్నచో ఆయన తరగతి వెనుక బల్లమీద ఒకనాడు కూర్చుండుడు. ఆయనను మీ తరగతికి పిలువుడు. విమర్శ పాఠము శిక్షణ కళాశాలతో ముగియవలసినది కాదు. ఒకరి పాఠము నొకరు వినక ముప్పది యేండ్లు ప్రక్కప్రక్క గదులలో గడపి పదవీవిరమణ చేయుట మన వృత్తియందే కలదు. తలుపు తెఱచుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు.

మీ తరగతిలో చక్కగా చెప్పగల పిల్లవాడెవడైన నున్నచో వానిని నిలువబెట్టి రెండు నిమిషములు చెప్పనిండు. చెప్పువాడు చెప్పుటచేత నేర్చును, వినువాడు తన మాటలో వినును, మీరు ప్రక్కన నిలిచి ఇరువురిని చూతురు. ఆ రెండు నిమిషములలో మీ పాఠము ఎంత అందినదో, ఎచ్చట జారినదో మీకు తెలిసిపోవును. ఏ విశ్వవిద్యాలయమును ఇంతకంటె నిజమైన పరీక్ష పెట్టజాలదు.